పోయింది అంటే ఎటు పోయింది?

2022, వానకాలం. హనుమకొండలో ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని నలుగురం సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లం. వాన పడితే ఒక గదిలో బకెట్లు, రెండో గదిలో మేము. మా నాన్నకు వరంగల్ చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం ఉంది. నేను గల్లా దగ్గర కూర్చోకుండా కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆయనకు చాలాకాలం మింగుడుపడలేదు. "ఇంతకూ ఏం అమ్ముతాండవు రా నువ్వు?" అని అడిగేవాడు. చెప్పబోయేవాణ్ణి. సగంలో ఎవరో వచ్చి పావుకిలో కందిపప్పు అడిగేవాళ్లు, అంతే సంగతి.

చదివే మీకైనా పూర్తిగా చెబుతాను. నెట్ లేని చోట ఫోన్‌లో రాసుకున్న వివరాలను, నెట్ దొరికాక సెంట్రల్ సర్వర్‌లో కలపడం నా పని. దీన్ని సింక్ అంటాం. పదిమంది పది నోటుబుక్కుల్లో విడివిడిగా రాసుకొచ్చిన దాన్ని ఒక పెద్ద రిజిస్టర్‌లోకి, ఏదీ తప్పిపోకుండా, ఏదీ రెండుసార్లు పడకుండా ఎక్కించడమన్నమాట. వినడానికి సులువే. ఇద్దరు ఒకే మనిషి గురించి రెండు రకాలుగా రాసుకొచ్చినప్పుడు తెలుస్తుంది అసలు కష్టం.

ఊళ్లో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. దాని తరఫున కొందరు హెల్త్ వర్కర్లు చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులను ఇంటింటికీ వెళ్లి చూస్తుంటారు. బీపీ, బరువు, రక్తం, వేసుకుంటున్న మాత్రలు, అన్నీ రాసుకుంటారు. వాళ్ల కోసం నేను ఒక యాప్ చేశాను. పల్లెల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి అన్నీ ముందు ఫోన్‌లోనే ఉంటాయి. సోమవారం అందరూ మీటింగ్‌కు ఆసుపత్రికి వస్తారు. అక్కడి వైఫై తగలగానే ఫోన్లు వాటంతటవే సర్వర్‌తో మాట్లాడుకుంటాయి. మర్నాటి నుంచి ఎవరు ఎవరిని చూడాలో ఎవరి ఫోన్‌లో వాళ్లకు జాబితా వస్తుంది. బీపీ ఎక్కువున్న వాళ్ల పేరు పక్కన ఎర్రచుక్క ఉంటుంది.

ఆసుపత్రి వాళ్లిచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉండేది. దాన్ని తెలుగు చేసింది నేనే. ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం కూర్చుని, రెండు చాయ్‌లు తాగి, పూర్తి చేసేశాను. ఒక మనిషి ఇక జాబితాలో ఎందుకు లేదో చెప్పడానికి రెండు బటన్లు ఉండేవి. మొదటిది మైగ్రేటెడ్. దానికి 'వలస' అని రాశాను. రెండోది ఎక్స్‌పైర్డ్. మన దగ్గర మందుసీసాకూ మనిషికీ ఒకే మాట వాడతారు, ఆ మాటకు ఏం రాయాలో తోచలేదు. 'చనిపోయారు' అని రాయబోతే చెయ్యి రాలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ల జాబితాలో ఆ మాట ఎందుకని, మర్యాదగా ఉంటుందని 'పోయారు' అని పెట్టాను. నా సున్నితత్వానికి నేనే మురిసిపోయాను కూడా.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. సింక్ పనిలో ఒక రికార్డును తుడిచేస్తే అది ఊరికే మాయం కాకూడదు. మిగతా ఫోన్లకు తెలియాలి కదా, ఇది తుడిచేసిందని. అందుకని దాని స్థానంలో ఒక గుర్తు ఉంచుతాం. దాన్ని మా వాళ్లు టూమ్‌స్టోన్ అంటారు, అంటే సమాధిరాయి. 'పోయారు' నొక్కినా ఆ పేరు మీద పడేది ఈ రాయే. అది ఉన్నచోట ఎవరు ఏం రాసినా చెల్లదు. అది నేను పెట్టిన నియమమే. ఎవరైనా పాత ఫోన్ తెచ్చి కలిపితే తుడిచేసిన పేర్లు మళ్లీ లేచి కూర్చోకూడదని నా జాగ్రత్త. అది చాలదన్నట్టు, ప్రతి ఫోన్ తన రాళ్ల జాబితాను ప్రతిసారీ మళ్లీ పంపేలా చేశాను. ఒకసారి అందకపోతే రెండోసారి అందుతుందని.

యాప్ మొదలైన మూడు నెలలకు ఒక సోమవారం ఫోన్ వచ్చింది.

"సారు, నేను సువార్తమ్మను, డోర్నకల్ దిక్కు పల్లెలు సూస్త. మీ ఫోను నా పిల్లను మింగుతాంది."

"ఏ పిల్లనమ్మా?"

"రజిత అని, మా దిక్కు ఆడబిడ్డె. మొదటి కాన్పు, ఏడో నెల నిండినంక తల్లిగారింటికొచ్చింది. ఆసుపత్రోళ్లిచ్చిన కార్డు మీది నంబరు జూసి ఎక్కించిన. ఇయ్యాల వైఫై కలుపంగనే మాయమైంది."

"సేవ్ నొక్కారా?"

"నొక్కిన."

"ఇంకోసారి ఎక్కించి, గట్టిగా నొక్కండి."

మా వృత్తిలో యూజర్ ఎర్రర్ అనే మాట ఉంది. వాడేవాళ్ల పొరపాటు అని అర్థం. ఎదుటివాళ్లకు వయసెక్కువై, ఇంగ్లీషు తక్కువైతే ఆ మాట మా నోటికి మరీ తొందరగా వస్తుంది. తర్వాతి సోమవారం ఆమె మళ్లీ చేసింది. మళ్లీ మాయమైందని చెప్పింది. నేను మళ్లీ సేవ్ గురించే అడిగాను. ఆమె "మంచిది సారు" అని పెట్టేసింది.

ఆ మూడో సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను ఆఫీసు తాళం తీస్తుంటే మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పొద్దుటి రైలుకు డోర్నకల్ నుంచి వచ్చారట. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ లేచి నిలబడింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో అట్ట చిరిగిన పొడుగు నోటుబుక్కు.

"నేనే సువార్తమ్మను. ఫోన్ల చెప్తె నీకు తెలుస్తలేదని మనిషినే తోలుకొచ్చిన. ఓపీ పదింటికి గదా, అందాక నీ దగ్గర కూసుంటం."

ఆమె తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడని తర్వాత తెలిసింది. పట్టాల వెంట నడుచుకుంటూ ఒక్కో బోల్టూ తట్టి చూసే ఉద్యోగం. ఆ కూతురికి నా 'సేవ్ నొక్కారా' ఎంత చిన్నగా వినిపించి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రజితను ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాం. ఇరవై రెండేళ్ల అమ్మాయి. కాళ్లు వాచి చెప్పుల పట్టీలు బిగుసుకుపోయి ఉన్నాయి. అయినా కళ్లు మా గదంతా తిరుగుతున్నాయి. వాళ్లమ్మ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుంది.

"ఇగ నా ముందట సూడు" అంది సువార్తమ్మ. "సేవ్ నొక్కుతనో లేదో నువ్వే జెప్పు."

సంచిలోంచి బీపీ మిషన్ తీసి రజిత చేతికి పట్టీ చుట్టింది. పంపు కొట్టింది. అంకె చూసింది. ఏమీ అనకుండా పట్టీ విప్పి రెండో చేతికి చుట్టి మళ్లీ చూసింది. నూట అరవై, నూట పది. ఫోన్‌లో అదే రాసింది. సేవ్ నొక్కింది. అప్పటిదాకా ఆమె ముఖంలో నాతో కొట్లాడే ఉత్సాహం ఉండేది. ఇప్పుడది లేదు.

"తల నొస్తాందా బిడ్డా?"

"రాత్రి సంది జర నొస్తాంది సిస్టరమ్మా. రైల్ల కూసున్నందుకేమో అనుకున్న."

సువార్తమ్మ నావైపు తిరిగి మెల్లగా అంది. "ఆటో పిలిపియ్యి. ఓపీ దాకా ఆగేది లేదు."

ఆ అంకె దాటిన గర్భిణికి ఫిట్స్ రావచ్చనీ, వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుందనీ ఆ యాప్ చేసేటప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఎర్రచుక్క ఆలోచన అప్పుడు పుట్టిందే. మావాడొకడు ఆటో కోసం కిందికి పరుగెత్తాడు. నేను సువార్తమ్మ ఫోన్‌ను మా వైఫైకి కలిపాను. నా కళ్ల ముందే, రెండు క్షణాల్లో, రజిత పేరు జాబితాలోంచి మాయమైంది.

గబగబా సర్వర్ తెరిచి కార్డు మీది నంబరు కొట్టాను. రికార్డు దొరికింది. మూడు నెలల కిందటి నుంచి బీపీ అంకెలు, మాత్రల పేర్లు. ఐదో నెలలో ఇచ్చిన ఒక బీపీ మాత్ర పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదని, అది మళ్లీ ఇవ్వకూడదని ఒక మాట. పైన, ఎర్రగా, స్థితి: పోయారు.

"అన్నా" అని పిలిచింది రజిత కుర్చీలోంచి. "నా పేరు గూడ దాంట్ల ఉంటదా? ఓపారి సూపియ్యవా?"

నేను స్క్రీన్‌ను గోడవైపు తిప్పేశాను.

"నెట్ జర స్లో ఉందమ్మా. తర్వాత చూపిస్తా."

నన్ను పట్టుకున్నది అబద్ధం చెప్పిన బాధ కాదు, ఆ మాట. మా ఇంట్లో మాటల విషయంలో గట్టి కట్టుబాట్లుండేవి. దుకాణంలో బియ్యం అయిపోతే 'లేవు' అనకూడదు, 'నిండుకున్నయి' అనాలి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బయటికి వెళ్లేవాళ్లు 'పోతున్నా' అంటే మా నాన్న వెనక్కి పిలిచి, 'పోయొస్త' అనిపించి పంపేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, నిండుచూలాలి పేరు పక్కన ఆ మాట పెట్టి, ఆమెను దాని ముందే కూర్చోబెట్టాను.

ఆటో వచ్చింది. తల్లి పట్టుకుంటే రజిత నెమ్మదిగా మెట్లు దిగుతోంది. నేను సువార్తమ్మను రెండు మెట్లపైన ఆపాను.

"అమ్మా, మా దాంట్లో ఈమె... పోయినట్టు రాసుంది."

"ఎటు పోయింది?"

"ఎటూ కాదమ్మా. అలా పోవడం."

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మెడలోని చిన్న సిలువను చేత్తో పట్టుకుంది. "ఎవరు రాసిన్రు?"

"వర్ధన్నపేట వైపు వర్కర్ ఫోన్ నుంచి వచ్చింది. యాకమ్మ. రజిత అత్తగారి ఊరు ఆమే చూస్తుంది."

"యాకమ్మ అట్ల రాయది. ఏదో మతలబున్నది" అంది. "అది తర్వాత. ముందుగాల నువ్వు దాన్ని సక్కగ జెయ్యి. ఆడ కౌంటర్ కాడ కంప్యూటర్ తెరిచేటోళ్లు ఆ మాట పైకి సదివితే ఈ పిల్ల గుండె ఆగుతది."

ఆటో కదిలింది. ఆసుపత్రి ఇరవై నిమిషాల దూరం. డాక్టర్‌కు పాత అంకెలు కనిపించాలి. పడని ఆ మాత్ర పేరు అంతకంటే ముఖ్యం. కార్డు మీద ఆ మాట లేదు, మా రికార్డులోనే ఉంది, ఆ రికార్డు మీద నా రాయి ఉంది. రాయి ఉన్నంతసేపు ఆసుపత్రి కంప్యూటర్‌లో స్థితి తప్ప లోపలి వివరాలు కనిపించవు.

సర్వర్‌లో ఆ గుర్తు తీసేశాను. రికార్డు తెరుచుకుంది. ఊపిరి పీల్చుకున్నాను. నాలుగు నిమిషాలకు మళ్లీ చూస్తే మళ్లీ 'పోయారు'. మళ్లీ తీశాను. మళ్లీ వచ్చింది. లాగ్ చూశాను, అంటే సర్వర్ తన దగ్గరికి ఏ ఫోన్ నుంచి ఏమొచ్చిందో రాసుకునే చిట్టా. యాకమ్మ ఫోన్ నుంచి వస్తోంది. సోమవారం కదా, ఆమె అప్పటికే మీటింగ్‌కు వచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చుంది. ఫోన్ ఆమె సంచిలోనే ఉండి, నా అతిజాగ్రత్త ప్రకారం ఆ రాయిని మళ్లీ మళ్లీ పంపుతోంది. తన చెప్పుతో తానే కొట్టుకోవడమంటే ఇదే. నేను ఆమెకు ఫోన్ చేశాను.

"యాకమ్మా, ముందు వైఫై బంద్ చేయండి. ఎందుకని అడగొద్దు."

"చేసిన సార్. ఏమైంది?"

"రజిత అని మీ ఊరి కోడలు. ఆమె పేరు మీద ఏం నొక్కారు?"

"పోయింది గదా సార్. పోయారు అని నొక్కిన."

సువార్తమ్మ నన్నడిగిన మాటే నా నోట్లోంచి వచ్చింది. "ఎటు పోయింది?"

"తల్లిగారింటికి సార్! ఏడో నెల నిండలేదా మరి?"

"పక్కనే 'వలస' అని ఉంది కదమ్మా."

"వలసెందుకు పోతది సార్ ఆ పిల్ల? బతుకుదెరువుకు బొంబాయికి పోయినోళ్లను గదా వలస అంటరు. ఆళ్లకేం తక్కువ, రెండెకరాల పొలమున్నది."

"ఖాయమేనా అని ఫోన్ అడిగింది కదా?"

"అడిగింది. ఖాయమే అన్న. నా కండ్ల ముందటనే ఆటో ఎక్కె."

నవ్వొచ్చేదే. రాలేదు. ఆ బటన్‌కు నా ఉద్దేశం ఏమిటో వీలైనంత మెల్లగా చెప్పాను.

"నా నోట్ల మన్ను వడ" అంది యాకమ్మ. "నా చేతులతోని నొక్కితినా సార్ ఆ మాట?"

"మీ తప్పు కాదమ్మా. నేను రాసిన మాట అది."

"ఇప్పుడా పిల్ల ఏడున్నది?"

"మీ దగ్గరికే వస్తోంది. బీపీ బాగా పెరిగింది. ఆటోలో..."

ఫోన్ కట్ అయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. గుర్తు మరోసారి తీసేసి, ఈసారి యాకమ్మ ఫోన్ నుంచి ఏదొచ్చినా తీసుకోవద్దని సర్వర్‌కు చెప్పి, రికార్డు నిలబడిందని రెండుసార్లు చూసుకుని, బండి తీసుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికి రజితను లోపలికి తీసుకెళ్లిపోయారు. ఇంజెక్షన్ ఇచ్చారు. ఏం జరిగిందో డాక్టరమ్మ తర్వాత చెప్పింది. యాకమ్మ ఫోన్‌ను బెంచీ మీదే వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తిందట. ఆటో ఆగీ ఆగగానే రజితను దించుకుని, కౌంటర్‌కు తీసుకెళ్లకుండా నేరుగా లేబర్‌రూమ్ తలుపు దగ్గరికే తీసుకెళ్లింది. "డాక్టరమ్మా, ఈ పిల్లకు ఆ తెల్లమాత్ర పడది. ఐదో నెలల ఏసుకుంటె దమ్ము తిరగలే" అని మాత్ర పేరుతో సహా చెప్పింది. ఆ దద్దుర్లు చూసి రికార్డులో రాసిందే ఆమె. వెనకనుంచి సువార్తమ్మ తన నోటుబుక్కు తెరిచి, గడిచిన మూడు వారాల అంకెలు వరుసగా చదివింది.

"మీ రికార్డు మా స్క్రీన్ మీదికి వచ్చేసరికి మందు ఎక్కడం మొదలైంది" అంది డాక్టరమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉండుంటే ఏమయ్యేదో నేను చెప్పను. సువార్తమ్మ తీసుకొచ్చింది, బాగుంది."

నేను నెలల తరబడి కోడ్ రాసి చేయాలనుకున్న పనిని, రెండు చోట్ల ఉన్న సమాచారాన్ని సరైన సమయానికి ఒక్కచోటికి చేర్చడాన్ని, ఆ ఇద్దరు నా యాప్ అడ్డం పడ్డా చేసి చూపించారు. నా ఉద్యోగ జీవితంలో అంత చిన్నబోయింది లేదు, అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నదీ లేదు.

వరండాలో యాకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సువార్తమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. నేను చేతులు కట్టుకుని వాళ్ల ముందు నిలబడి తప్పు నాదని మళ్లీ చెప్పాను. యాకమ్మ వినే స్థితిలో లేదు. "అపశకునం మాట నా చేతి మీదుగ పాయె అక్కా" అని అదే మాట.

"ఏడువకు. ఉన్న మనిషి మీద అసొంటి తప్పువార్త పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు గదనే మీరంత" అంది సువార్తమ్మ. "మా అయ్య నాకు సువార్త అని పేరెందుకు పెట్టిండో ఇన్నేండ్లకు తెలిసింది. తప్పువార్త దిద్దనీకే."

యాకమ్మ ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు సువార్తమ్మ నావైపు చూసి, "నువ్వు గూడ కూసో బిడ్డా, చాయ్ తెప్పిస్త" అంది. పొద్దుటిదాకా ఆమెకు నేను సారును.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు రజితకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కొంచెం బరువు తక్కువ, గొంతుకు మాత్రం ఏ లోటూ లేదు. నేను వార్డుకు వెళ్లి ఫోన్‌లో రికార్డు తెరిచి, "ఇదిగో, నీ పేరు" అని చూపించాను. ఆ అమ్మాయి వేలితో ఒక్కో అక్షరం ముట్టుకుని చదివింది. "నెట్ మంచిగైందా అన్నా?" అని అడిగింది. అయిందన్నాను. అసలు సంగతి ఆమెకు మేమెవరమూ చెప్పలేదు.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. ఈసారి ఆయన మొత్తం విన్నాడు, మధ్యలో వచ్చిన బేరాన్ని కూడా ఆగమన్నాడు. "దుకాణంల నీతోని పప్పు లేదని గూడ అననియ్యలే గద రా. ఆ నేర్పినదంత ఏడ వెట్టినవ్?" అన్నాడు. తర్వాత ఆ బేరానికి పొట్లం కడుతూ, "అయితే నువ్వు అమ్మేది మాటలన్నట్టు. జర సూసి అమ్ము" అన్నాడు. నా వృత్తి గురించి అంత తిన్నగా నాకెవరూ చెప్పలేదు.

తర్వాతి సోమవారం మీటింగ్‌లో నేను కంప్యూటర్ తెరవలేదు. యాప్‌లోని ప్రతి బటన్ పేరూ పైకి చదివి, 'ఇది చూస్తే మీకేం అనిపిస్తుంది?' అని వర్కర్లను అడిగాను. వాళ్లు చెబుతుంటే నా తల దిమ్మెక్కింది. చూడ్డానికి వెళ్లినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే నొక్కమని 'తప్పింది' అని పెట్టాను. అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లు దాన్ని 'నెల తప్పింది' అనుకుని, కొత్తగా గర్భం వచ్చిన వాళ్లందరికీ అదే నొక్కుతున్నారట. మా జాబితాలో దొరకని మనుషులంటూ నేను బెంగపడ్డ వాళ్లంతా ఇళ్లలో పుల్లమామిడికాయలు తింటూ కూర్చున్నారన్నమాట.

మాటలన్నీ వాళ్లే మార్చారు. 'పోయారు' బటన్ బదులు ఏం పెట్టాలని అడిగితే సువార్తమ్మ అడ్డంగా తల ఊపింది. "ఆ మాటకు బటనే వద్దు. అసొంటిదైతే మేమే ఫోన్ చేసి నోటితోని చెప్తం. వేలు జారితే అయ్యే పని కావొద్దు అది." అలాగే చేశాం. రజిత వెళ్లినట్టు వెళ్లేవాళ్ల కోసం కొత్త బటన్‌కు పేరు పెట్టే పని యాకమ్మకు వదిలేశాను. ఆమె చాలా ఆలోచించి, కాగితం మీద తనే రాసిచ్చింది: తల్లిగారింటికి పోయొస్తది.

లోపలి నియమమూ మార్చాను. ఇప్పుడు మా సింక్‌లో రాయి గెలవదు. ఒక ఫోన్ 'ఈ మనిషి లేదు' అంటే, ఇంకో ఫోన్ ఆ తర్వాత ఆమె బీపీ చూశానంటే, చూసినవాళ్ల మాటే చెల్లుతుంది. తేడా వచ్చినచోట ప్రోగ్రాం తీర్పు చెప్పదు, ఇద్దరు వర్కర్లకూ ఒకరి ఫోన్ నంబర్ ఒకరికి చూపించి మాట్లాడుకోమంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. రెండు వారాలు నేను వినకపోయినా, ఫోన్‌లో లేని మనిషి ఊళ్లో ఉందని నమ్మి, ప్రతి వారం వెళ్లి చూసి, చివరికి రైలెక్కించి తీసుకొచ్చిన ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా ఫోన్ చేసి 'మీ యాప్ ఇలా చేస్తోంది' అంటే ఇప్పుడు నేను సేవ్ గురించి అడగను. 'మీరేం చూశారో చెప్పండి' అంటాను. ఆ మాట సువార్తమ్మకు నేను బాకీ పడ్డది.

బిడ్డకు ఐదో నెల వచ్చాక రజిత అత్తగారింటికి తిరిగి వెళ్లింది. ఆ సోమవారం యాకమ్మ ఫోన్ సింక్ అవుతుంటే నేను లాగ్ తెరిచి కూర్చున్నాను. రజిత పేరు పక్కన 'వచ్చింది' అని పడింది. అదనంగా ఏమైనా చెప్పాలంటే రాయడానికి కింద ఒక ఖాళీ గడి ఉంటుంది. మా వర్కర్లెవరూ దాన్ని వాడరు, టైపు చేయడం కష్టమని. యాకమ్మ ఆ గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టుంది, రెండే ముక్కలు రాసింది:

పోయింది ఒక్కతే. వచ్చింది ఇద్దరు.